అడుగున చెక్క పెట్టి బిగిస్తాడట

నాయుడుపేట

అమ్మా, నేను బాగానే ఉన్నాను. నీ ఫోను కూడా నాన్న జేబులోనే ఉంటుంది, నా పేరు చూస్తే ఎత్తడు. అందుకే ఈ కార్డు.

తమ్ముడి కంప్యూటరుకని నాన్న మదరాసులో ఏఎమ్‌డీ ప్రాసెసరు కొన్నాడు, నెల్లూరులో ఇంటెల్ ప్రాసెసర్లకు సరిపడే బోర్డు కొన్నాడు. రెండూ మంచివే, కానీ ఆ బోర్డులో ఈ ప్రాసెసరు జన్మకి కూర్చోదు. ఆ మాటంటే నిన్న మా కంప్యూటర్ షాపులో అందరిముందూ నా మీద లేచాడు. "మన పడవకి ఎన్ని రకాల ఇంజన్లు మార్చినాను? అడుగున చెక్క పెట్టి బిగిస్తే ఏదైనా కూర్చుంటాది. నీకు చేతగాకుంటే ఇట్టియ్ మే!" అని రెండూ సంచిలో వేసుకుని బస్సెక్కాడు.

ప్రాసెసరు ఉండనీ, బోర్డు మారిస్తే చాలు. వచ్చే శనివారం లోపు బిల్లు చూపిస్తే మారుస్తామని నెల్లూరు షాపువాళ్లు ఒప్పుకున్నారు. నాన్న చొక్కాలు ఉతికేముందు జేబులు చూడు. ఇంట్లో ఎండు నెత్తళ్ల చేపలుంటే పంపు.

సముద్రంలో చేపల వేట నిషేధం ఎత్తేదాకా నాన్నకి పనిలేదు, అదే నా భయం. ప్రాసెసరు కింద వెంట్రుకల్లాంటి కాళ్లుంటాయి. అడ్డమొస్తే అరగదీస్తానని వెళ్తూ వెళ్తూ అన్నాడు.

తమ్ముడికి దీవెనలు. నాన్నకి నమస్కారాలు చెప్పు, కానీ అంతకంటే ముందు ఇంజను సామాన్ల పెట్టెలోంచి ఆకురాయి తీసి దాచెయ్యి.

నీ రోజారమణి