బస్టాండు దాకా చారల పైజామా

కరిదొడ్డి,
1955 ఫిబ్రవరి 20

చిరంజీవి సౌభాగ్యవతి నాగలక్ష్మికి నీ నాయన ఆశీర్వదించి రాసేది. ఈడ మేమంతా బాగుండాము. బాగలేనిది మీ అమ్మ ఎడమ మోకాలు ఒక్కటే, అది గూడా నేను ఏదన్నా పని చెప్పినప్పుడే. నువ్వూ అల్లుడూ క్షేమమని రాసిన జాబు బేస్తవారం అందె. మీ అమ్మకు మూడు తూర్లు చదివి వినిపించినా. నాలుగో తూరి చదవమంటే గొంతు ఎండిందని చెప్పి మజ్జిగ తాగి మళ్లా చదివినా.

ఎనుము ఈనిందా అని అడిగితివి. ఈనె. దున్నదూడ. మీ అమ్మ రెండు దినాలు ఎనుముతో మాట్లాడలేదు. మీ పట్నమోళ్లు వేరుశనగలంటారే, ఆ బుడ్డలు ఈ ఏడు పర్వాలేదు. వాన మనల్ని మర్చిపోయినా బుడ్డలు మర్చిపోలేదు.

ఇంక రెండు సంగతులు అడిగితివి. "నాయనా, ఆయన పంపిన పైజామా వేసుకొని పండుకుంటాండావా? నిద్ర బాగ పడతాందా?" అని ఒకటి. "మన పక్క ఉల్లిగడ్డలే లేనట్ల కర్నూలు నుంచి ఎందుకు మోసుకుపోతివి?" అని ఇంకొకటి. రెండిటికీ జవాబు ఒక్కటే తల్లీ. అది చెప్పాలంటే దసరా కాడికి పోవాల.

దసరాకు అల్లుడు పంపిన పొట్లం విప్పితే తెల్లగుడ్డ మీద నీలం చారలు. అంగీ ఒకటి, పైజామా ఒకటి. మీ అమ్మ చూసి "మంచానికి అల్లే పట్టె మాదిరుండాదే" అనె. ఆ మాట అప్పుడే పట్టుకోనుంటే నాకు ఈ కథే లేదు. నేనేమో పొట్లం చంకలో పెట్టుకొని దర్జీ హుసేన్ వలి కాడికి పోతి. మన ఊర్లో పైజామా సంగతి తెలిసినోడు ఆయన ఒక్కడే గదా.

"వలీ, దీన్ని ఎప్పుడు వేసుకుంటారప్పా?"

ఆయన కుట్టు తిప్పి తిప్పి చూసె. "నేనైతే శుక్రవారం నమాజుకు, పెండ్లిండ్లకు వేసుకుంటా. ఇది అంతకంటే పెద్ద పనికి కుట్టినట్లుండాది. కాజాలు చూడు, ఎంత బాగ తీసినాడో."

"వేసుకొని పండుకుంటారా?" అని గూడా అడిగినా తల్లీ. అడగలేదనుకోవద్దు.

"ఏం మాటన్నా అది! పండుకునేదానికి లుంగీ లేదా? మంచి గుడ్డ నలుపుకొని పండుకునే పిచ్చోడు యాడన్నా ఉంటాడా?"

నాకు న్యాయంగానే తోచె. పెద్ద పని వచ్చినప్పుడు వేసుకుందామని పెట్టెలో పెట్టినా.

పెద్ద పని జనవరిలో వచ్చె. అది నీ జాబే. "ఆయన దినానికి నాలుగు మాటలు గూడా మాట్లాడడు. పాలకు పోయేదానికి గూడా ఇస్త్రీ ప్యాంటు తొడుక్కొని, గుండీలన్నీ పెట్టుకొని, ఆఫీసుకు పోయినట్ల పోతాడు. ఈడ నాకు ఊపిరాడదు" అని రాసింటివి. నేను బుద్ధి లేక దాన్ని పైకే చదివినా. మీ అమ్మ ఆ పూట పొయ్యి వెలిగించలేదు. "పో. నీ కండ్లతో చూసిరా, మన బిడ్డ యెట్లుండాదో" అనె. నీకేమో విత్తనాల పని మీద వచ్చినానని చెప్తి. ఆ పొద్దు విత్తనాల అంగడి ఏ పక్కుండాదో గూడా నాకు తెల్లేదు.

బయలుదేరే పొద్దు పెట్టె తీస్తి. రెండేండ్ల కిందట మన ఊరు బళ్లారి జిల్లాలో పండుకొని కర్నూలు జిల్లాలో లేసె. కొత్త జిల్లా, కొత్త రాజధాని, దాంట్లో ఆఫీసుకు కట్టడం లేక డేరా కింద కూచొని పనిచేసే గుమాస్తా మన అల్లుడు. పాత పంచెతో పోతే నా బిడ్డకు చిన్నతనం అనుకొని చారల అంగీ, చారల పైజామా తొడిగి, పైన రుమాల చుట్టి బస్సెక్కితి. బస్సులో అందరూ నన్నే చూస్తాండారు. నేను ఇంకొంచెం నిటారుగ కూచుంటి.

కర్నూలు బస్టాండు కాడ టీ అంగడాయన గలాసు ఇస్తా, "పెద్దాయనా, ఆస్పత్రి నుంచి ఎప్పుడు పంపించిరి?" అనె.

"లేదప్పా, నేను ఆలూరు పక్క నుంచి వస్తాండా."

"ఆడ గూడా ఆస్పత్రి పెట్టినారా?" అని సంతోషపడె. మంచి మనిషి.

నువ్వు తలుపు తీసి, నన్ను నెత్తి నుంచి కాళ్ల దాకా చూసి, కొంగు నోట్లో కుక్కుకుంటివి. నాయన్ను చూసి ఏడుపొచ్చిందేమో అనుకుంటి. సాయంత్రం అరుగు మీద కూచొని ఎదురింటాయనకు బుడ్డల పంట సంగతి చెప్తాంటే, ఆ వీధికి ఎన్నడూ లేంది రైతుల మీద ప్రేమ పుట్టినట్ల పది మంది చేరిరి. అప్పుడే అల్లుడు ఆఫీసు నుంచి వచ్చె. ప్యాంటు మడతతో కూరగాయలు తరగొచ్చు, అట్లుండాది. నన్ను చూసి నిలబడిపోయె. "మామా, కొలత సరిపోయిందా?" అని మాత్రం అడిగె.

"సరిపోయిందప్పా. నడుము కాడ ఇంకొక మామ గూడా పడతాడు" అంటి.

ఆయన నవ్వలేదు. నువ్వు "నాయనా, ఆ గుడ్డలు..." అని మొదలుపెడితివి. అల్లుడు నీ పక్క ఒక చూపు చూసె. నువ్వు నోరు మూసుకొని లోపలికి పోతివి.

ఆ చూపు నాకు ముల్లు మాదిరి దిగె తల్లీ. జాబులో రాసింది నిజమే, నా బిడ్డను కండ్లతోనే ఆపేస్తాండాడు అనుకుంటి. నువ్వు పెట్టిన కొర్రన్నం నాకు గొంతు దిగలేదు. రెండు తూర్లు పెట్టించుకుంటి గానీ, దిగలేదు.

అన్నాలైనంక అల్లుడు లోపలికి పోయి గుడ్డలు మార్చుకొని వచ్చె. నీలం చారలు. అదే తాను గుడ్డ, అవే గుండీలు. నాకు శానా సంతోషమాయె. మామా అల్లుడూ ఒకే జత, ఇప్పుడు నన్ను యాడికో పిల్చుకపోతాడు, సినిమాకేమో అనుకొని చెప్పులు గూడా తొడుక్కుంటి. ఆయన చాప పరిచి, దిండు తట్టి, పండుకునె.

నేను చెప్పులు విప్పితి.

ఇప్పుడు చెప్తాండా, ఇంతవరకు మీ అమ్మకు, హుసేన్ వలికి తప్ప ఎవరికీ చెప్పలేదు. నాకు ఆ పొద్దే తెలిసిపోయె. నీకు, అల్లునికి నాకు తెలీదనే నమ్మకం. నువ్వు జాబులో "వేసుకొని పండుకుంటాండావా" అని సుతారంగా అడిగితివే, నాకు నొప్పి తగలకుండా చెప్పాలని. ఆ శ్రమ నీకొద్దు తల్లీ. అరుగు మీద పండుకొని ఆ పొద్దు జరిగిందంతా తలుచుకుంటి. టీ అంగడాయన, బస్సులో జనం, వీధిలో ఆ పది మంది, నీ కొంగు. కడపట అల్లుని చూపు. ఆ చూపు నిన్ను కసిరింది గాదు. "పెద్దాయన చిన్నబోతాడు, చెప్పొద్దు" అనింది. నేనే తప్పు చదివినా. నా చదువు ఐదో క్లాసే గదా, చూపులు చదివేది ఆడ చెప్పలేదు.

తెల్లారి లేచి చేతిసంచిలో నుంచి పంచె తీసినా. ఇంక ఆ చారల్తో వీధిలోకి పోతే నేను మనిషినే గాదు అనుకుంటి. పంచె చేతిలో పట్టుకొని వాకిలి పక్క చూస్తే అల్లుడు నిలబడి ఉండాడు. తల దువ్వుకున్యాడు. చెప్పులు తొడుక్కున్యాడు. వేసుకునింది చారల పైజామా, చారల అంగీ. రెండిటికీ ఇస్త్రీ. బొగ్గులు నువ్వే వేసిచ్చినట్లుండావు.

"పోదామా మామా? బస్సెక్కిస్తా" అనె.

పాలకు గూడా ప్యాంటు లేకుండా పోనోడు! నేను పంచె మడిచి మళ్లా చేతిసంచిలో పెట్టినా. నేను పంచె కట్టుకుంటే ఆయన ఒక్కడే వీధిలో నవ్వులపాలయితాడు. నాకు తెలిసిందని గూడా తెలిసిపోతాది. ఆయన చేసిన పనంతా వట్టిదయిపోతాది.

ఎనిమిదిన్నరకు, ఎండ బాగ వచ్చినంక, కర్నూలు బజార్లో ఇద్దరం నడిస్తిమి. బురుజు కాడ ఒక ఆడామె బిడ్డను పిలిచి చూపించె. అల్లుడు కుడి పక్క చూడడు, ఎడమ పక్క చూడడు. చెవులు మాత్రం పండుమిరపకాయల మాదిరి ఎర్రగుండాయి. బస్టాండు కాడ వాళ్ల హెడ్ గుమాస్తా ఇంకో ఇద్దరితో నిలబడి టీ తాగుతాండాడు. తప్పించుకునేదానికి సందు ఉండె. అల్లుడు ఆ సందులోకి తిరగలేదు.

"ఏమయ్యా దేవేంద్రప్పా, పక్క మీద నుంచి నేరుగా వస్తాండావా?" అనె ఆయన. పక్కనోళ్లు నవ్విరి.

"మా మామ సార్. ఊరికి పోతాండాడు, బస్సెక్కిస్తాండా."

"ఇద్దరిదీ ఒకే గుడ్డ మాదిరుండాదే!"

"ఒకే ఇంటోళ్లం సార్" అనె అల్లుడు.

అంతే. దినానికి నాలుగు మాటలని నువ్వు రాసింటివే, వాటిల్లో మూడు ఆ పొద్దు నాకే ఖర్చు పెట్టినాడు. పక్కనోళ్లు ఇంకా నవ్వుతాండిరి గానీ, ఆ హెడ్ గుమాస్తా నవ్వు ఆపి, గలాసు దించి, నాకు నమస్కారం చేసె. నేను గూడా చేస్తి. చారల చేతులతో.

ఇంక ఉల్లిగడ్డల సంగతి. నేను వచ్చినప్పుడు చంకలో ఖాళీ గోనెసంచి చూసి "ఇదెందుకు నాయనా?" అంటివి. ఉల్లిగడ్డలకు అని నోటికొచ్చింది చెప్తి. ఆ సంచి మీ అమ్మ మడిచి ఇచ్చింది. నీ చీరెలకు, నీ గిన్నెలకు. "బిడ్డ బాగలేకపోతే ఎవర్నీ అడగొద్దు. సామాన్లు దాంట్లో వేసుకొని పిల్చుకొని రా. ఊరోళ్లకు జవాబు నేను చెప్తా" అని పంపింది. మోకాలు నొప్పి మనిషే గానీ, మీ అమ్మ నిలబడాల్సిన కాడ నిలబడతాది. ఖాళీ సంచి ఎనక్కి తెస్తే నేను అల్లునికి భయపడి వచ్చినానని అనుకుంటాదని, బస్టాండు కాడ దాన్నిండా ఉల్లిగడ్డలు పోయించినా. బస్సు మీదికి మోసి ఎక్కించింది అల్లుడే. ఏం సంచి మోస్తాండాడో ఆయనకు తెల్లేదు. తెలీకుండా ఉండనీ.

మీ అమ్మ వాకిట్లో నిలబడింది. సంచి నిండుగ చూసి ముఖం మాడిపోయె. నా ఎనక చూసి, "బిడ్డ యాడ?" అనె.

"ముందర సంచి విప్పు" అంటి.

విప్పి చూసి అట్లే మెట్టు మీద కూచునె. నేను అంతా చెప్తి, టీ అంగడి నుంచి బస్సు దాకా. చివర్దాకా విని ఒక్క మాట అడిగె. "ఆ గుడ్డలకు ఇస్త్రీ ఉండెనా?"

"ఉండె."

"అయితే తెలిసే వేసుకున్యాడు" అని కొంగుతో కండ్లు తుడుచుకొని, పోయి పొయ్యి వెలిగించె. ఉల్లిగడ్డల కూరే.

నువ్వు రాసింది తప్పని నేననడంలేదు లక్ష్మీ. మాటలు లేని ఇల్లు కష్టమే. మాటలు కావాలంటే అడుగు, గట్టిగ అడుగు, ఆయన నేర్చుకుంటాడు. నేను ముప్పై ఏండ్లుగ మీ అమ్మతో వాగుతానే ఉండా, ఆమె కోసం బజార్లో ఒక్క తూరి గూడా నవ్వులపాలు కాలేదు. అల్లుని కాడ నేను నేర్చుకునేది ఒకటుండాది, నీ కాడ ఆయన నేర్చుకునేది ఒకటుండాది. అప్పటికీ ఊపిరాడకపోతే రాయి. సంచి మళ్లా ఖాళీ అయింది, ఉతికి పెట్టినాము.

హుసేన్ వలికి గూడా నిజం చెప్దామని పోతి. పండుకునేదానికే కుడతారంట వలీ అంటే నమ్మలేదు. "నిద్రలో జేబెందుకన్నా? కలలో ఏమన్నా దొరికితే వేసుకునేదానికా?" అనె. ఆ జేబు సంగతి అల్లున్ని అడుగు.

నీ ప్రశ్నకు జవాబు ఇదీ తల్లీ. నేను వాటిల్లో పండుకోను. పండుకోబుద్ధి గాదు. ఉతికి, చెంబులో నిప్పులేసి ఇస్త్రీ చేసి, ఆలూరు సంతకు తొడుక్కొని పోతాండా. నన్ను చూసి పక్కింటి తిమ్మయ్య ఒక జత కుట్టించుకునె. వాళ్ల తమ్ముడు గూడా కొలతలిచ్చినాడంట. హుసేన్ వలి ఆదోని నుంచి ఇంకో తాను చారల గుడ్డ తెప్పిస్తాండాడు.

మారెమ్మ జాతర చైత్రంలో. మీరిద్దరూ రావాల. అల్లున్ని ప్యాంటు తేవద్దను. చారల గుడ్డల్లోనే బస్సు దిగమను, నేనూ అవే తొడుక్కొని ఎదురుగ వస్తా. ఊరంతా తిరుగుదాము. మన ఊర్లో వాటిల్లో ఎవరూ పండుకోరు.

ఇట్లు,
నీ నాయన,
రంగన్న