తమరికి ఒంట్లో బాగుండకపోవుట గురించి

జిల్లా అధికారి గారి సముఖమునకు,
మకాం: విడిది బంగళా, పై గది.

దాఖలు చేసుకొనునది: అదే బంగళా వంటమనిషి, కింది వంటగది.

విషయం: తమరికి ఈ సాయంత్రం మొదలుకొని రేపటి వరకు ఒంట్లో బాగుండకపోవుట గురించి.

అయ్యా,

తమరు భోంచేసి పైన నడుం వాల్చారు. నేను కింద గిన్నెల మధ్య కూర్చుని ఈ అర్జీ రాసుకుంటున్నాను. టీ వేళకు ట్రేలో కప్పు కింద పెట్టి పంపిస్తాను. కప్పు ఎత్తగానే కనబడుతుంది. టీ తాగిన వెంటనే తమరు పై ఊరికి బయలుదేరతారని మీ గుమాస్తా గారు సెలవిచ్చారు. తమరు బయలుదేరకూడదు. ఎందుకు కూడదో వరుసగా విన్నవించుకుంటాను.

ముందుగా ఒక సంజాయిషీ. వంటమనిషికి ఈ భాష ఎలా వచ్చిందని తమరికి అనుమానం రావచ్చు. కొన్నేళ్ల కిందట ఇలాగే ఒక అధికారి గారు వస్తున్నారని మా ఊళ్లో పెద్దవాళ్లకు సాయంకాలపు బడి పెట్టారు. బోర్డు వచ్చింది, దీపం వచ్చింది, పంతులు గారు వచ్చారు. అధికారి గారు చూసి వెళ్లిపోగానే పంతులు గారితో సహా అన్నీ ట్రాక్టరెక్కాయి. అప్పటికే నాకు పట్టుబడిన అక్షరాలను మాత్రం తిరిగి ఎక్కించుకుపోవడం ఎవరి వల్లా కాలేదు. ఇక భాష సంగతి. తమ కార్యాలయంలో పాతబడిన అర్జీలను మూటగట్టి పొయ్యి రాజేసుకోమని ఈ బంగళాకు పంపుతారు. నేను ఒక్కొక్కటి చదివి రాజేస్తాను. 'మిక్కిలి వినయపూర్వకముగా', 'తమ దయార్ద్ర హృదయమునకు' అన్న మాటలు నాకు అలా నిప్పు పక్కన వంటబట్టినవే. తమరు నిన్న రెండోసారి అడిగి పెట్టించుకున్న కూర, వాగు మీద వంతెన కావాలని ఒక ఊరివాళ్లు పెట్టుకున్న అర్జీతో ఉడికింది. దీనికీ ఆ గతే పడుతుందేమోనని తిన్నగా తమరి చేతికే పంపుతున్నాను.

1. మా అమ్మాయి నిండు నెలల మనిషి. ఉదయం నుండి నొప్పులు పడుతోంది. బంగళా ఎదురుగా, తమరు నిన్న పరిశీలించి సంతోషించిన ఆరోగ్య కేంద్రంలో, తమరు చెయ్యి వేసి చూసిన కాన్పు బల్ల మీదే ఉంది. బిడ్డ ఎదురుకాళ్లతో వస్తోందని డాక్టరమ్మ చెప్పారు. ఇందాక నన్ను పక్కకు పిలిచి, "ఇది తొందరగా అయ్యేది కాదమ్మా. పొద్దుగూకినా గూకుతుంది, తెల్లారినా తెల్లారుతుంది. మనిషిని మాత్రం కదిలించకూడదు. బల్ల ఉండి, లైటు ఉండి, నేను ఉంటే పర్వాలేదు" అన్నారు.

"ఉంటారు కదమ్మా?" అన్నాను.

ఆవిడ నా వైపు చూడలేదు. చేతులు కడుక్కుంటూ, "నన్ను కూడా ఎక్కించుకుపోతారమ్మా" అన్నారు.

2. సదరు బల్ల గురించి. తమరు నిన్న దాని మీద చెయ్యి వేయగానే అది ఊగింది. "ఈ కాలు సరిచేయించండి" అని తమరు సెలవిచ్చారు. మొన్న పక్క ఊళ్లో కూడా తమరు కాన్పు బల్ల మీద చెయ్యి వేశారు. అది కూడా ఊగింది. అప్పుడు కూడా అదే మాట అన్నారని తమరి డ్రైవరు చెప్పాడు. రెండు ఊళ్లలోనూ బల్లకు అదే కాలు కుంటిదేమిటని తమరికి తట్టలేదు. తట్టకపోవడం తమరి తప్పు కాదు, తమరు చాలా బల్లలు చూస్తుంటారు. కానీ అయ్యా, అది ఒకటే బల్ల. తమరి కంటే ముందుగా బయలుదేరి తమరు చేరేసరికి చేరుకుంటుంది.

లైట్లు కూడా అంతే. గోడ వెనక జనరేటరు మీద దుప్పట్లు కప్పారు కాబట్టి తమరికి చప్పుడు వినబడలేదు. తమరు తిప్పి చూసిన కుళాయిలో వచ్చిన నీళ్లు లారీలో వచ్చాయి. వాటిని చూసి మా ఊరి ముసలాయన ఒకాయన కుళాయి తిప్పడం, కట్టడం, మళ్లీ తిప్పడం చేస్తుంటే మీవాళ్లు కసిరారు.

3. డాక్టరమ్మ గురించి. పక్క ఊళ్లో ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని ఆ ఊరి డాక్టరు. మా ఊళ్లో అద్దాలు తీసేసి మా ఊరి డాక్టరు. అద్దాలు లేకపోతే ఆవిడకు చూపు ఆనదు. నిన్న తమరికి పెట్టబోయిన నమస్కారం మందుల బీరువాకు పెట్టారు, తమరు అది వినయం అనుకున్నారు. "ఈ ఊళ్లో ఎప్పటి నుంచి పనిచేస్తున్నారు?" అని అడిగితే, "వచ్చినప్పటి నుంచీనండి" అన్నారు. మేమంతా నోరు కుట్టేసుకుని నిలబడ్డాం. ఆవిడ చెడ్డ మనిషి కాదు. ఈ ఉదయం మా అమ్మాయి కేక విని, ఎవరు చూస్తే నాకేం అన్నట్టు అద్దాలు కళ్లకు పెట్టేసుకున్నారు.

4. ఇక మీ గుమాస్తా గారు. మా వంటగదిలో ఆయన్ను ముందుమనిషి అంటాం. తమరి కంటే ముందు వచ్చి, ముందు తిని, ముందు వెళ్లిపోతారు. ఇప్పుడు ఆయన మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారు. టీ పట్టుకెళ్లే బంట్రోతును తప్ప ఎవరినీ పైకి వదలరు. ఇందాక ఆయన కాళ్లావేళ్లా పడ్డాను.

"అయ్యా, బల్ల మీద మనిషుందయ్యా."

"ఉంటే దించుతారు. అయ్యగారు పై ఊళ్లో దిగేసరికి బల్ల అక్కడ లేకపోతే నా ఉద్యోగం ఉంటుందా?"

"అయితే నా పిల్లను నేల మీద కనమంటారా?"

"నువ్వెక్కడ కన్నావేమిటి? నేల మీద కాదూ?"

"నేల మీదే కన్నానయ్యా. కన్నవాళ్లందరూ మిగల్లేదు."

ఆ మాటకు ఆయన కుర్చీలో అటు తిరిగి కూర్చున్నారు. ఆయనకూ పిల్లలున్నారు. చివరికి విసుక్కుంటూ, "నా చేతిలో ఏముందమ్మా? అయ్యగారు ఆగితే అన్నీ ఆగుతాయి. ఆయన్ను ఆపే మొనగాడెవడు?" అన్నారు. ఈ అర్జీ ఆ మాటలోంచి పుట్టింది.

ఇక్కడ రాయడం ఆపి ఒక్క పరుగున వెళ్లి చూసి వచ్చాను. ట్రాక్టరును ఆరోగ్య కేంద్రం గుమ్మానికి వెనక్కి తిప్పి ఆనించారు. తాళ్లు తీసి కింద పెట్టారు. మందుల పెట్టెలు అప్పుడే ఎక్కాయి. లోపల మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, బయట ఆ చప్పుడేమిటే?" అని అడిగింది. ఎవరో ఇటుకలు తెచ్చారే అని చెప్పాను. గబగబా రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే మన్నించవలెను.

5. పెద్దాసుపత్రికి తీసుకుపోవచ్చు కదా అని తమరు అనవచ్చు. రోడ్డు తమరి జీపు ఆగే చోటి వరకే వేశారు. ఆసుపత్రి రెండో వైపున ఉంది. మధ్యలో వాగు. మా అమ్మాయి మొదటి కాన్పుకు మంచం మీద మోసుకుపోయాం. అంబులెన్సు వాగుకు అవతల ఆగి లైటు వేసి చూపించింది, మేం ఇవతల నిలబడి చెయ్యి ఊపాం. ఒకరికొకరం కనబడుతూనే ఉన్నాం. బిడ్డ అక్కడే పుట్టింది, ఏడవలేదు. అమ్మాయి బతికిందంటే అదే చాలనుకున్నాం. పైన చెప్పిన వంతెన అర్జీ మా ఊరిదే. అందులో మా అమ్మాయి వేలిముద్ర కూడా ఉంది. అది కూర కింద కాలుతుంటే చూశాను. తడి కట్టెలు, తమరి భోజనం వేళ మించిపోతోంది, రాజేయక తప్పలేదు. 

6. 'బల్లను ఉంచండి' అని తమరు ఒక్క మాట అంటే చాలదా అంటే, చాలదు. తమరికి సంగతి తెలిసిపోయిందని బయటపడగానే విచారణ మొదలవుతుంది. అందరికంటే ముందు డాక్టరమ్మను పక్కన నిలబెడతారు. జనరేటరు ఎవరిదని అడుగుతారు. బల్లకు సాక్ష్యం అని సీలు వేసి తీసుకుపోతారు. విచారణలు ఎలా సాగుతాయో నేను చాలా అర్జీల్లో చదివాను. న్యాయం జరిగేసరికి నా మనవడికి మీసాలు వస్తాయి, వాడు పుడితే కదా. అదే తమరికి జబ్బు చేస్తే ఎవరూ ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. తమరు ఆగిపోతే బల్ల, లైటు, డాక్టరు, నీళ్లు అన్నీ ఉన్నచోటే ఉంటాయి. తమరు ఉన్నంతసేపూ మా ఊరు బాగానే ఉంటుంది. ఈ ముక్క వెటకారంగా రాయలేదు.

7. ఆఖరి అంశం, రాయాలంటే భయంగా ఉంది. ఇదివరకటి ఏదో పర్యటనలో మా ఊళ్లో మరిచిపోయి వదిలేసిన మందుల పెట్టె ఒకటి ఉంది. అందులో విరేచనాలు కావడానికి ఇచ్చే పొడి తప్ప ఏమీ మిగల్లేదు. మా ఊరికి దక్కిన శాశ్వత వైద్య సదుపాయం ఇది ఒక్కటేనని మనవి. ఈ మధ్యాహ్నం ఆ పొడి పొట్లం నా గుప్పిట్లో పెట్టుకుని తమరికి వడ్డించాను. పులుసు గిన్నె దగ్గర ఒకసారి, పెరుగు దగ్గర ఒకసారి గుప్పిలి విప్పాను. తమరు తల ఎత్తి, "నువ్వు తిన్నావా అమ్మా?" అని అడిగారు. ఈ బంగళాలో ఇన్నేళ్లుగా వండుతున్నాను, ఏ అధికారీ ఆ మాట అడగలేదు. తిన్నానని అబద్ధం చెప్పి గుప్పిలి మూసేశాను. చేతులు రాలేదయ్యా. తినేవాడి పళ్లెంలో అలాంటిది కలిపితే ఇక నేను వంటమనిషిని కాను.

కాబట్టి దొంగతనంగా చేయలేని పనిని అర్జీ పెట్టుకుని అడుగుతున్నాను. తమరు దయతో ఈ సాయంత్రం కడుపులో తేడా చేసినట్టు ప్రకటించుకోవలెను. పొడి పొట్లం ఇందుతో జతపరిచాను. వేసుకోవడం, వేసుకోకుండానే వేసుకున్నట్టు ఉండడం తమరి ఇష్టానికి వదిలేస్తున్నాను. తమరి జబ్బు డాక్టరుతో పనిలేని జబ్బు అయి ఉండవలెను. డాక్టరమ్మను ఎట్టి పరిస్థితుల్లోనూ పైకి పిలిపించుకోకూడదు. గంజి కావాలంటే నేను కాచి పంపుతాను.

టీ చల్లారకముందే ఈ మనవిని చిత్తగించవలెను.

ఇట్లు,
తమరికి వడ్డించిన విధేయురాలు,
వంటమనిషి.

జతపరచినది: విరేచనాల పొడి, పొట్లం ఒకటి.

తరువాయి: అయ్యా, పైన జతపరిచానన్న పొట్లంలో ఇప్పుడు సగమే ఉంది. నేను అర్జీ మడుస్తుంటే తమరి డ్రైవరు టీ కోసం వంటగదిలోకి వచ్చాడు. పొట్లం చూసి అదేమిటని అడిగాడు. ఏడుపు ఆపుకోలేక ఉన్నదంతా చెప్పేశాను. అతను గడప మీద కూర్చుండిపోయాడు.

"మొన్న పక్క ఊళ్లో సామాన్లన్నీ ఎక్కించి బయలుదేరుతుంటే ఒకామెను మంచం మీద మోసుకొచ్చారక్కా" అన్నాడు. "ముందు ట్రాక్టరు పోయింది, వెనక నేను బండి తీశా. అద్దంలో కనబడుతూనే ఉన్నారు. అయ్యగారు వెనక సీట్లో ఏదో కాగితం చదువుకుంటున్నారు, తల ఎత్తలేదు. నేనూ చెప్పలేదు. అప్పట్నుంచి ముద్ద దిగట్లేదు."

"నువ్వేం చేస్తావులే తమ్ముడూ" అన్నాను.

"అయ్యగారికి బండి నడపడం రాదక్కా" అన్నాడు. నేను వద్దు వద్దంటుండగానే సగం పొడి టీలో కలుపుకుని గటగటా తాగేశాడు. జీపు తాళంచెవి నా పప్పుల డబ్బాలో వేసి పెరట్లోకి పోయాడు, ఇంకా రాలేదు. అతను తనంతట తానుగా చేసిన పని ఇది. అతన్ని ఏమీ అనవద్దు, అనదలుచుకుంటే నన్ను అనండి. కానీ డ్రైవరు పడుకున్నా ట్రాక్టరు ఆగదు. తమరు పడుకుంటేనే ఆగుతుంది.

తమరి టీలో చక్కెర తప్ప ఏమీ లేదు. నా బిడ్డ మీద ఒట్టు, ధైర్యంగా తాగండి. బంట్రోతు ట్రే కోసం వచ్చి నిలబడ్డాడు. అతని వెనకాలే మీ గుమాస్తా గారు పైకి వస్తారు, బయలుదేరదామా అని అడుగుతారు. మాట్లాడనక్కర్లేదు, దుప్పటి కప్పుకుని కొంచెం మూలగండి, బాబూ. మూలగడం ఎలాగో తెలియకపోతే ఆ కిటికీ తెరవండి. ఆరోగ్య కేంద్రం ఎదురుగానే ఉంది. మా అమ్మాయి గొంతు వినబడుతుంది. అలాగే మూలగండి.