దేవునికొక్కనికే చెప్పమన్న మాట

జూలూరుపాడు దాటిన అడవి పల్లె నుంచి,
క్రిస్మస్ అయిన మూడో రోజు.

మేరీ అక్కకు నీ చెల్లెలు సుగుణ ప్రభువు పేరట వందనాలు చెప్పి రాస్తున్నది. ఇక్కడ ఆయనా, నేనూ, చిన్నదీ ఒంట్లో బాగానే ఉన్నాం. నువ్వూ, బావగారూ, పిల్లలూ బాగున్నారని తలుస్తాను. అత్తయ్యకు కంటి ఆపరేషన్ అయ్యాక చూపు ఎలా ఉందో తప్పకుండా రాయి. నా గురించి దిగులు పడకు. తింటున్నాను, నిద్రపోతున్నాను, బాగానే ఉన్నాను.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. సిగ్నల్ కావాలంటే పెద్ద రోడ్డు దాకా నడవాలి, ఆ ఫోనేమో ఆయన జేబులో ఉంటుంది. పైగా నీకు చేస్తే బావగారు స్పీకర్ పెడతారు, మీ వాడకట్టంతా నా క్షేమసమాచారం వింటుంది. అందుకే కాగితం. మా ఊరి బడి పంతులమ్మ రేపు సెలవులకు మధిర వెళ్తోంది. ఈ కవరు నీ చేతికే ఇవ్వమని చెప్పాను.

ఈపాటికి ఆయన రాసిన ఉత్తరం మీ సంఘానికి చేరి ఉంటుంది. ఆయనలాంటి పల్లె పాస్టర్లు ఏటా క్రిస్మస్‌కు రాసేదే, గడిచిన సంవత్సరంలో దేవుడు చేసిన మేళ్ల గురించి. కొత్త సంవత్సరం మొదటి ఆదివారం దాన్ని అందరి ముందూ చదివేది, అప్పటిదాకా దాచేది నువ్వే కాబట్టి ఇదంతా నీకు రాస్తున్నాను. ఆ చేతిరాత నాదేనని గుర్తుపట్టే ఉంటావు. ఆయన చెబుతుంటే నేను సాపుగా రాశాను. కొత్త మందిరం రేకులు, బాప్తిస్మాలు, వానలకు రోడ్డు తెగితే వాగు దాటి వెళ్లి కూడిక జరపడం, అన్నీ ఉన్నాయి అందులో. ఒక్కటీ అబద్ధం కాదు. కానీ కమలమ్మ గురించి అందులో లేదు. ఉన్న ఒక్క ముక్కా ఉండకూడనిది.

పోయిన క్రిస్మస్ అయ్యాక మేం సామాన్లతో ఇక్కడ దిగిన రోజున మమ్మల్ని పలకరించింది కమలమ్మ ఒక్కతే. యాభై దాటిన మనిషి, భర్త లేడు. మందిరానికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఆమె ముందు మందిరం ఊడ్చి, తర్వాత మా ఇల్లు కూడా ఊడ్చి, పొయ్యి రాజేసి పోయింది. లేత వెదురు కొమ్ములు ఎన్ని నీళ్లు మార్చి ఉడికిస్తే చేదు పోతుందో ఆమే నేర్పింది. ఎండాకాలంలో బోరు ఎండిపోతే ఏ చెలమలో నీళ్లు మంచివో ఆమే చూపించింది. ఇక్కడి ఆడవాళ్లు పత్తి చేలో తమలో తాము కోయ భాషలో మాట్లాడుకుంటే నేను గుడ్లప్పగించి చూసేదాన్ని. ఆమె నా పక్కకు జరిగి తెలుగులో చెప్పేది. ఇంతమందిలో నాకు ఉన్నది ఆమె ఒక్కతే అక్కా.

ఆమె కొడుకు హైదరాబాదులో పని చేస్తున్నాడని ఊరంతా అనుకునేవాళ్లు. నేనూ అలాగే అనుకున్నాను. దసరా ముందు ఒకరోజు పత్తి ఏరుతూ ఏరుతూ ఆగి, చేతిలో పత్తి అలాగే పట్టుకుని చెప్పింది.

"మా పోరడు హైదరాబాదుల లేడమ్మా. జైల్ల ఉన్నడు. ఎవలదో వ్యాను తోల్మన్నరంట, తోలిండు. అండ్ల గంజాయి ఉన్నదంట. నెలకోపాలి పోయి చూసొస్తున్న. ఎవ్వరికి చెప్పకమ్మా. దేవునికొక్కనికే చెప్పు."

అలాగేనన్నాను. నిజంగా అలాగే అనుకున్నాను కూడా.

శుక్రవారం ఆడవాళ్ల ఉపవాస ప్రార్థన ఎలా జరుగుతుందో నీకు తెలియనిది కాదు. ఒక్కొక్కరు తమ ప్రార్థన అంశం చెబుతారు, పాస్టరు ఇంటి అమ్మగారు, ఇక్కడైతే నేను, పేరు పేరునా ఎత్తి ప్రార్థన చేయాలి. మాకు ముందు ఇక్కడున్న పాస్టరు గారి భార్య ప్రార్థన చేస్తే రేకులు అదిరేవట. వచ్చిన దగ్గర్నుంచీ వింటున్నాను. "పాత అమ్మగారైతే కన్నీళ్లు పెట్టి చేసేది" అని ఒకరు, "ఈ అమ్మకు గొంతు లేదు" అని ఒకరు. ఆ శుక్రవారం నాకు గొంతు వచ్చింది. కన్నీళ్లూ వచ్చాయి. ఏడుస్తూ, రొమ్ము కొట్టుకుంటూ, ప్రభువా మా కమలమ్మ కొడుకును ఆ జైల్లో నుంచి విడిపించు, ఆ గంజాయి కేసు కొట్టివేయించు తండ్రీ అని పద్దెనిమిది మంది ఆడవాళ్ల మధ్య అరిచాను. దేవునికే చెప్పాను అక్కా. ప్రభువుకేం చెవుడు లేదు. వాళ్లకు వినిపించాలని అరిచాను. ఈ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఆమేన్ అని కళ్లు తెరిచేసరికి అందరూ కమలమ్మనే చూస్తున్నారు. ఆమె ఒక్కతే కళ్లు తెరవలేదు. అందరూ వెళ్లేదాకా అలాగే కూర్చుని, తర్వాత లేచి, ప్రతి వారం చేసినట్టే చాపలు చుట్టి మూలన నిలబెట్టి వెళ్లిపోయింది. ఆ ఆదివారం నుంచి మందిరానికి రాలేదు.

ఆయనకు చెబితే, "ప్రార్థనలో తప్పేముంది? అందరూ మోకరిస్తే బలం కదా" అన్నారు. మా ఆయన మంచివాడే. కానీ ఒళ్లు మండేది కూడా ఆ మంచితనానికే. తప్పు చేశావని నన్ను తిట్టి ఉంటే ఇద్దరం వెళ్లి ఆమె ముందు నిలబడేవాళ్లం.

ఇక్కడ క్యారల్స్ పొద్దుండగానే మొదలుపెడతారు, చీకటి పడితే అడవి దారిలో తిరగలేరు కాబట్టి. ఏటా మొదటి పాట కమలమ్మ ఇంటి ముందే, మొదటి టీ ఆమెదే. అది ఇక్కడి ఆనవాయితీ. ఈసారి బయలుదేరేటప్పుడు సంఘ పెద్ద మా ఆయన్ని పక్కకు పిలిచాడు.

"గా ఇంటికాడ ఆగొద్దు అయ్యగారూ. పోలీసోళ్లు తిరుగుతున్నరు. మందిరం పేరు ఖరాబైతది. మనకెందుకు గా లొల్లి?"

ఆయన నా వైపు చూశారు. నేను చీర కొంగు సర్దుకున్నాను. అదే నేను ఇచ్చిన జవాబు.

ఆమె ఇంటి దగ్గరకు రాగానే డప్పు ఆగింది, పాట ఆగింది. చూరుకు కాగితం నక్షత్రం కట్టి ఉంది. వాకిట్లో చాప పరిచి, దాని మీద స్టీలు గ్లాసులు వరసగా బోర్లించి ఉన్నాయి. రెండు మూడు రకాలు, నాలుగిళ్లలో అడిగి తెచ్చినవి. పొయ్యి మీద టీ గిన్నె. గుమ్మంలో కమలమ్మ నిలబడి ఉంది, ఎర్రంచు తెల్ల చీర కట్టుకుని. మన చిన్నది ఇక్కడి మాటే మాట్లాడుతోందిప్పుడు. "ఏందమ్మా, కమలమ్మ ఇంటికాడ ఆగమా?" అని గట్టిగా అడిగింది. దాని చెయ్యి పట్టుకుని లాక్కుంటూ ముందుకు నడిచాను. పది అడుగులు దాటాక డప్పు మళ్లీ మొదలైంది. లోకరక్షకుడు పుట్టాడని పాడాం.

పండుగ నాడు మందిరంలో చాపలు నేనే పరిచాను. పిండివంటలు వచ్చాయి, ఆయనకూ నాకూ సంఘం కొత్త బట్టలు పెట్టింది. ఆ చీర ఇంకా మడత విప్పలేదు.

నిన్న అరిసెలు తీసుకుని ఆమె ఇంటికి వెళ్లాను. కూర్చోమంది, మంచినీళ్లిచ్చింది. అరిసెలు తీసుకుంది కూడా. తప్పయిపోయిందని నేను ఏడుస్తుంటే గుమ్మం వైపు చూసి, "ఏడ్వకమ్మా, మల్లెవరన్న ఇంటరు" అంది. ఆ మాటకు నా ఏడుపు అక్కడికక్కడే ఆగిపోయింది. తర్వాత అంది:

"అయిందేదో అయింది. ఈ ఊళ్లె తెలిసింది, ఇగ తెల్వనీ. మా రూతు అత్తగారింటికాడ మాత్రం తెల్వనియ్యకు. వాళ్లకు తమ్ముడు నౌకరిల ఉన్నడనే చెప్పినం. గదొక్కటి నిలబెట్టమ్మా."

ఆ పేరు వినగానే ఆయన ఉత్తరం గుర్తొచ్చింది. రూతు అంటే ఆమె కూతురు, మీ సంఘంలో ముందు వరసలో కూర్చునే ఆ పొడుగమ్మాయే. వాళ్ల అత్తామామలు నీకు తెలుసు, ఒక్క ఆదివారమూ మానరు.

ఆయన ఉత్తరం రెండో పేజీ చూడు. చివర ప్రార్థన అంశాలని ఉంటుంది. మూడోది కమలమ్మ కొడుకు పేరు, ఊరి పేరు, కేసుతో సహా. ఆయన చెప్పారు, నేను రాశాను. అన్నీ అయ్యాక కూడా, గుండ్రటి అక్షరాలతో, తప్పు లేకుండా రాశాను. రాస్తున్నప్పుడు ఏమీ అనిపించలేదు. అంశాలు రాయడం అంతగా అలవాటైపోయింది మనకు.

కాబట్టి అక్కా, ఇది చదివిన వెంటనే లేచి ఆ ముక్క కత్తెరతో కత్తిరించు. పెన్నుతో కొట్టేస్తే అడుగున కనిపిస్తుంది. ఎవరైనా అడిగితే ఎలుక కొరికిందని చెప్పు, ఆ అబద్ధం నా లెక్కలో వేసుకుంటాను. బావగారికి కూడా చెప్పకు. ఇలా నీకు రాయడంతో కమలమ్మ మాట ఇంకోసారి దాటాను, ఇంకో దారి కనిపించలేదు.

అత్తయ్యకు, బావగారికి నా వందనాలు. పిల్లలకు ముద్దులు. మీ పాస్టరు గారికీ అమ్మగారికీ క్రిస్మస్ వందనాలు చెప్పు, మేం బాగున్నామని చెప్పు. పంతులమ్మ తిరిగి వచ్చేటప్పుడు కొంచెం గోంగూర పచ్చడి పంపు. మొదటి గిన్నె కమలమ్మకు ఇస్తాను, తీసుకుంటే.

నా కోసం ప్రార్థన చెయ్యి అక్కా. నా పేరు మాత్రం ఎత్తకు, పెదవులు కూడా కదపకు.

నీ చెల్లెలు,
సుగుణ