జపాన్ కారు కుడి తలుపు

జూన్ 3, మంగళవారం

పొద్దున 214. డాక్టరు రోజూ షుగర్ రాయమన్నాడు. రాస్తున్నాను. పక్కన బోలెడు చోటు మిగిలిపోతోంది.

ఇంటి షెడ్డులో ఉన్న నా జపాన్ కారు కుడి తలుపుకు మళ్లీ పుట్టీ పెట్టాను. ఆరనిచ్చి, ఎమరీ పేపరు కొట్టి, కళ్లు మూసుకుని అరచేత్తో తడిమాను. ఇరవై ఏడేళ్లుగా నేను చూసేది ఇలాగే. సొట్ట తీసిన రేకు సమంగా వచ్చిందో లేదో కంటికి అందదు, చేతికే తెలుస్తుంది.

ఈరోజు చేతికీ తెలియలేదు. గ్లౌజు వేసుకుని తడిమినట్టుంది. గ్లౌజు లేదు.

జూన్ 5, గురువారం

పెనుకొండ నుంచి పొద్దున రైలుకు హిందూపురం. రెండు గిన్నెల క్యారియరు — ఒకదాంట్లో రాగి సంగటి, ఒకదాంట్లో పప్పు. షుగర్ వచ్చినప్పటి నుంచి మా ఆవిడ వరలక్ష్మి అన్నం పెట్టడం లేదు.

గ్యారేజీ ఓనరు బాషా పెయింటు పనే ఇచ్చాడు. హమ్మయ్య అనుకున్నాను. సుత్తి ముట్టుకోలేదు. చేయి సంగతి ఎవరికీ చెప్పలేదు.

జూన్ 8, ఆదివారం

సెలవు. రోజంతా కారు దగ్గరే.

చిలమత్తూరు దగ్గర ఒక తోటలో వేరుశనగ మూటల కింద పన్నెండేళ్లు పడి ఉన్న కారు. రెండే తలుపులు. నేలకు ఆనుకున్నంత పొట్టి. స్విచ్చి వేస్తే బానెట్‌లోంచి పైకి లేచే దీపాలు. తోట ఆసామి "చోటు ఖాళీ అయితే చాలప్పా, తోలుకుపో" అన్నాడు. తోలుకు రావడానికి లారీ పెట్టాల్సి వచ్చింది.

అది నిలబడి ఉన్న షెడ్డు వరలక్ష్మిది. ధర్మవరం నుంచి నాకు పెళ్లామై వస్తూ మగ్గం కూడా తెచ్చుకుంది. మూడేళ్ల కిందట పట్టుచీరల ఆర్డర్లు ఆగిపోయాయి. మగ్గం విప్పి అటక మీద పెట్టాం. పెట్టాం కాదు, పెట్టాను. ఆమె కాళ్లు పెట్టుకుని నేసే గుంటను ఇంకా లోతుగా తవ్వాను, కారు కింద నిలబడి పని చేసుకోవడానికి.

"అటక మీద ఎలుకలు ఉండాయి. గుడ్డ కప్పు" అంది ఆరోజు. 

జూన్ 9, సోమవారం

221. ఒక మాట రాసి పెట్టుకుంటున్నాను. ఈ కుడి తలుపు నా చేత్తో సమంగా వస్తే పని మానను. రాకపోతే బాషాకు చెప్పేస్తాను. ఆ తర్వాత ఏం చేసి బతకాలో తెలియదు. ఇంకో పని నేర్చుకోలేదు.

జూన్ 15, ఆదివారం

వెనక మడ్‌గార్డులు రెండంగుళాలు బయటికి తీయాలి. వెడల్పు టైర్లు పట్టాలంటే తప్పదు. కుడివైపు కోశాను. జపాన్ రేకు పల్చన, మిషను తగలగానే తెగిపోయింది. కోసింది మళ్లీ రాదు.   ఏమీ అనిపించలేదు.

జూన్ 18, బుధవారం

సంగటి తింటుంటే వరలక్ష్మి నా కుడి చెయ్యి పట్టుకుంది.

"ఈ బొబ్బ యానాటిది?"

"ఏ బొబ్బ?"

చూపుడు వేలి కింద, రూపాయి బిళ్లంత. వెల్డింగ్ చేసిన అంచు చల్లారక ముందే పట్టుకున్నట్టున్నాను. ఆమె వెన్న రాసింది. 

జూన్ 22, ఆదివారం

వచ్చింది.

తలుపు మీద నీళ్లు పోసి తడి మెరుపులో చూశాను. ట్యూబులైటు నీడ ఆ చివర నుంచి ఈ చివరకు తిన్నగా — ఎక్కడా వంకర లేదు. మూడుసార్లు పోశాను. మందులు పని చేస్తున్నాయి కాబోలు. చేయి తిరిగొచ్చింది. మళ్లీ కళ్లు మూసుకుని తడిమాను... తెలిసినట్టే ఉంది. సంతోషంగా ఉంది. రాస్తున్నాను కాబట్టి ఉన్నట్టే.

జూన్ 24, మంగళవారం

198. గ్యారేజీకి ఒక కాలేజీ లెక్చరరు కారు వచ్చింది. గుద్దుకుని తలుపు మొత్తం లోపలికి పోయింది. నేను చేస్తానని నేనే అడిగి తీసుకున్నాను.

జూన్ 28, శనివారం

రంగు వేసిన కారును బాషా ఎండలోకి తీయించాడు. తలుపు నిండా అలలు. లెక్చరరు దాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

"ఏమప్పా, ఇది నీ చెయ్యేనా?" అన్నాడు బాషా.

నాదే అన్నాను.

"ఒంట్లో బాగలేకుంటే చెప్పల్ల కదప్పా. ఒక వారం ఇంటికాడ ఉండు."

సిగ్గుపడాలి. పడలేదు. రైల్లో కిటికీ పక్కన సీటు దొరికింది. కూర్చున్నాను. పెనుకొండ వచ్చింది. దిగాను.

జూన్ 29, ఆదివారం

తలుపు ముందు కూర్చున్నాను. ఇది ఎలా వచ్చింది? అది ఎందుకు రాలేదు?

బ్యాటరీ లైటు పక్కవాటంగా వేసి చూశాను. పేపరు కొట్టిన గీతలు. నేను ఏటవాలుగా కొడతాను, ఎప్పుడూ. ఈ గీతలు నిటారుగా ఉన్నాయి. పైనుంచి కిందికి, పక్కపక్కనే, ఒకటే ఒత్తిడి. గుంట గట్టు మీద ఎమరీ పేపరు ముక్క ఉంది, నాలుగు మడతలు పెట్టి. నేను రెండు మడతలే పెడతాను.

వంటింట్లోకి పోయాను. ఆమె బియ్యం చెరుగుతోంది.

"తలుపు నువ్వు ముట్టుకున్నావా?"

"నువ్వు గ్యారేజీకి పోయినాక. మధ్యాన్నం పూట."

"నీకెట్ల తెలుస్తాది ఆ పని?"

"పట్టులో ఒక్క పోగు లావైనా చేతికి తగుల్తాది. ఇదేముంది, ఇనుము. నువ్వు సమం చేసినానంటివే, ఆడ మిట్ట కట్టెపుల్లంత ఉండె."

"మరి చెప్పలేదు యాల?"

"నువ్వు చెప్పినావా?"

కోపం వచ్చింది. చాలా రోజుల తర్వాత ఏదో ఒకటి వచ్చింది. షెడ్డులోకి పోయి సుత్తి తీసుకున్నాను. తలుపు మీద ఒక్కటి వేద్దామనుకున్నాను. వేయలేదు. అప్పటికే కోపం పోయింది.

జూన్ 30, సోమవారం

207. ఇంట్లోనే. ఆమె నాతో, నేను ఆమెతో మాట్లాడలేదు.

జూలై 1, మంగళవారం

పిలవకుండానే షెడ్డులోకి వచ్చింది. కొంగు నడుముకు చెక్కి, సుద్దముక్క పట్టుకుని, కోసి అతికిన మడ్‌గార్డు మీద ఎడమ అరచేయి పెట్టి మెల్లగా నడిపింది. కళ్లు మూసుకుంది. ఎవరూ నేర్పలేదు.

"ఈడ మిట్ట." గీత. "ఈడ పల్లం." సున్నా.

ఆమె గుర్తు పెట్టిన చోటల్లా కొట్టాను. వెనక ఇనుప దిమ్మ ఆనించి, చిన్న దెబ్బలు. దెబ్బ మాత్రం నాదే. ఎంత బలంగా కొట్టాలో భుజం మర్చిపోలేదు.

జూలై 3, గురువారం

మడ్‌గార్డు అయింది. నీళ్లు పోశాం. నీడ తిన్నగా ఉంది.

మగ్గం గురించి ఏదో అనాలని గుంట అంచున కూర్చున్నాను. "తీయకుండా ఉండాల్సింది" అన్నాను.

"మూడేండ్లు ఈ చేతులు ఊరికే ఉండాయి" అంది. తిట్టినట్టు అనలేదు. చీపురు తీసుకుని పుట్టీ దుమ్ము ఊడ్చింది.

తప్పు చేశాను. అది ఇక్కడ రాయగలుగుతున్నాను. ఆమెతో అంతవరకే అనగలిగాను.

జూలై 5, శనివారం

బ్యాటరీ తగిలించి స్విచ్చి వేశాను. దీపాలు లేచాయి, ఎడమది కొంచెం ఆలస్యంగా. "నీ మాదిరే, లేపితే గాని లేయదు" అంది. ఇద్దరం నవ్వామనే గుర్తు.

జూలై 6, ఆదివారం

202. సాయంత్రం బాషా ఫోను.

"ఎట్ల ఉండావప్పా? రేపు పాత జీపు ఒకటి వస్తాది. మొత్తం సొట్టలే. నీ చేతికైతేనే ఇస్తామంటాండారు."

మళ్లీ చెప్తా అన్నాను. వరలక్ష్మి పక్కనే ఉంది, అంతా వింది.

"నేనూ వస్తా. నువ్వు కొట్టు, నేను చూస్తా."

"గ్యారేజీకా? అంతమంది మగోళ్లలోనా?"

"ధర్మవరంలో మా షెడ్డులో పన్నెండు మంది మగోళ్లు నేస్తాండ్రి. నేనూ నేసినా." మళ్లీ తనే, "అయితే నీ చేయి సంగతి ముందు బాషాతో చెప్పు. దాచిపెట్టే మాటైతే నేను రాను" అంది.

సరే అనలేదు. కాదనలేదు. బాషాకు ఇంకా ఫోను చేయలేదు. చెప్తే జీపు ఇస్తాడో, ఇంటికే పంపుతాడో. ఫోను ముందు పెట్టుకుని ఇది రాస్తున్నాను.

వంటింటి గట్టు మీద రేపటికి క్యారియరు గిన్నెలు కడిగి బోర్లించింది. రోజూ రెండు గిన్నెలు. ఈరోజు నాలుగు.