గాలి పరీక్షకు ముందు హోమం

శుక్రవారం రాత్రి

మనవరాలు రమ గెలిచింది. తను ఇంజనీరుగా ఉన్న విమానాశ్రయం కొత్త టెర్మినల్ లోపలి గాలి పరీక్ష పాసైంది. ఇక గ్రీన్ బిల్డింగ్ సర్టిఫికెట్ వచ్చినట్టే.

పొద్దున, అక్కడ కాంట్రాక్టు చేస్తున్న నా కొడుకు, పరీక్ష సజావుగా జరగాలని హాలు మధ్యలోనే హోమగుండం పేర్పించాడు. రమకు ఏడుపొక్కటే తక్కువ. నేను వెళ్లి గుండం పక్కనే కుర్చీ వేయించుకున్నాను.

“ఏందప్పా, గాలి పరీక్షకు ముందు పొగ పెడతాండావు? దేవుడు బయట లేడా?”

“శాస్త్రం ఉండాది కదమ్మా.”

“ఉండనీ. ఎండలోకి మోయించు.”

మోయించాడు. ఇప్పుడేమో హోమం వల్లే పాసైందని ఊరంతా చెబుతున్నాడు. చెప్పుకోనీ.

ఇంటికొచ్చి చీర దులిపితే ఎర్రటి ఖనిజం దుమ్ము రాలింది. గనుల నుంచి ఖనిజం తోలే వాడి లారీలదే. రేపు ఆ సంగతి పట్టుకోవాలి. నా నోరింకా అరగలేదు…