ప్రమీలమ్మగారి గదిలో మెత్తబడ్డ నేల

నరసరావుపేట

అమ్మీకి జమీర్ సలాములు. అల్లా దయవల్ల నేను, సాబిరా, పిల్ల సబా కులాసా. మాచర్లలో నువ్వూ, అక్కా బాగున్నారనుకుంటా. ఫోన్‌లో నీకు సగం వినపడదు, అందుకే రాస్తున్నా. నాజియక్క చేత చదివించుకో.

సబాకు దగ్గు తగ్గింది. పోయిన నెల ఎందుకు రాలేదని అడిగావుగా, చెబుతా.

ప్రమీలమ్మగారి కోడలు భావన ఫోన్ చేసింది. అత్తగారి మంచం పక్కన అడుగేస్తే నేల దిగిపోతోందట. నాలుగేళ్ల కింద నేను గమ్ముతో అంటించిన చెక్క ఫ్లోరింగే అది. సన్న బెజ్జం పెట్టి, సిరంజితో గమ్ము ఎక్కించి, పైన రెండు బియ్యం బస్తాలు పెట్టి వచ్చా. తెల్లారి చూస్తే మళ్లీ మెత్తగానే ఉంది.

"అది తాగేసింది నాయనా," అంది ప్రమీలమ్మగారు మంచం మీద నుంచి.

ఉలితో పలకలు లేపా. కింద సిమెంటు పొడిపొడిగా ఉంది. బోలు ఎంతవరకు ఉందోనని సుత్తి పిడితో మూడుసార్లు కొట్టి ఆగా. కిందనుంచి మూడు దెబ్బలు వినపడ్డాయి. నిదానంగా, టక్, టక్, టక్.

భావన మొహం పాలిపోయింది. "ఇప్పుడన్నా విన్నావా?" అంది ముసలామె కోడలితో.

పగలగొడితే పాతకాలం ధాన్యపు పాతర, నిలువున్నర లోతు. లైటు వేసి చూశా. ఎలుక లేదు, నీటి చుక్క లేదు. నేను పోసిన గమ్ము మాత్రం తీగలా వేలాడుతోంది. చల్లటి గాలి మొహానికి కొట్టింది. కంకర, ఇసుక నింపి, కాంక్రీటు పోసి, చానా రోజులు ఆరనిచ్చి కొత్త పలకలు వేశా. ఇప్పుడు చప్పుడు లేదు.

అమ్మీ, సాబిరాకు కూడా చెప్పని సంగతి ఒకటుంది. నాలుగేళ్ల కిందే ఆ దెబ్బలు నేను విన్నా. భయమేసి, గమ్ము రెండింతలు పూసి మూసేశా. ఆ తర్వాత ప్రమీలమ్మగారు కిందనుంచి ఎవరో కొడుతున్నారంటే, కొడుకు రాజీవ్ మతి చెడిందనుకుని గుంటూరు తీసుకెళ్లి మందులు మింగించాడు. పగలంతా మగతేనంట. అదంతా తెలిసీ నోరు మెదపలేదు.

పని అయ్యాక రాజీవ్ ఎదుటే ఆమెకు అంతా చెప్పేశా. అతను తలొంచుకుని, తల్లి కాళ్ల దగ్గర కూలబడ్డాడు. ఆమె నా వైపే చూసింది.

"నా చెవుల్ని నేనే నమ్మలేదురా ఇన్నాళ్లు. ఒక్క మాట చెబితే నీకేం పోయేది?"



ఆ మందులు ఇంకా అవసరమా అని డాక్టర్ని అడుగుదామని మర్నాడే రాజీవ్ ఆమెను తీసుకెళ్లాడంట. ఆ గడప తొక్కడానికి నాకు మొహం చెల్లడంలేదు. ఆమేమో ఆదివారం సాబిరాను, సబాను తీసుకుని భోజనానికి రమ్మని కబురు పెట్టింది. వెళ్లమంటావా అమ్మీ?

ఇట్లు,
నీ జవాబు కోసం చూసే కొడుకు,
జమీర్