కొక్కెం పట్టుకున్న రాజేశం

జెద్దా,
శుక్రవారం.

ప్రియమైన మేరాజ్‌కు,

అస్సలాము అలైకుమ్. అల్లా దయవలన మన అమ్మాయి అఫ్షానూ నేనూ ఇక్కడ ఆరోగ్యంగా ఉన్నాము. నీవూ మీ అక్క అమీరున్నీసా కూడా ప్రొద్దుటూరులో అట్లే ఉన్నారని తలుస్తున్నాను. రోజూ ఫోనులో మాట్లాడుకుంటూ మళ్లీ ఉత్తరమెందుకని నీవు నవ్వవచ్చు. ఫోను పట్టినప్పుడల్లా అఫ్షాన్ పక్కనే ఉంటుంది. ఈ సంగతి ఆమె ఎదుట చెప్పలేను. రేపు మన ఊరికి బయలుదేరుతున్న ఇనాయతుల్లా చేతికి దీన్ని ఇస్తున్నాను. నేను వచ్చేలోగా నీవు చదివి ఉండాలి.

ఊరగాయతో పాటు నీవు పంపిన ఉత్తరం అందింది. నా మోకాలి నొప్పి తగ్గింది. భోజనానికీ లోటు లేదు. మలయాళీల అంగడిలో రాగిపిండి దొరికింది. అమ్మాయి చేసిన సంగటి ఉండలు కట్టింది; తప్పు పిండిదేనని వాదించింది. ఆ వాదన ఎవరి పోలికో నేను రాయను. "బిడ్డ చేసేది కరెంటు పని కాదు కదా?" అన్న నీ ప్రశ్నకు మాత్రం నెమ్మదిగా జవాబు చెప్పనీ.

నిన్న అఫ్షాన్ నన్ను కార్ల పందేనికి తీసుకొనిపోయింది. ఆమె పనిచేసే జట్టువాళ్ల కారు అంగళ్లలో అమ్మేది కాదు. పందెం కోసమే కొత్తగా రూపొందించి, ఈ సంవత్సరమే తొలిసారి బరిలోకి దింపారు. దాని కప్పు నా నడుము దాకా వచ్చింది, అంతే. షెడ్డు నుండి బయలుదేరినప్పుడు చప్పుడే లేదు, బ్యాటరీతో జారిపోయింది. కొంతదూరం పోయాక పెట్రోలు ఇంజను మేల్కొన్నది. నా పక్కటెముకలు అదిరాయి. బ్రేకు వేసినప్పుడు వృథాగా పోవలసిన వేగాన్ని అది విద్యుత్తుగా మార్చి దాచుకొని, మలుపు దాటగానే తిరిగి చక్రాలకు అందిస్తుందట. మనిషి బుద్ధికి ఇంత చోటిచ్చిన సృష్టికర్తను తలచుకున్నాను.

ఇది వేగానికి మాత్రమే పరీక్ష కాదు. గంటల తరబడి ఆగకుండా నిలవాలి. నేను దీనిని ఓర్పు పందెమని పిలుచుకుంటున్నాను. ఓపిక అనవద్దు, ఓపిక ఒంటిది, ఓర్పు మనసుది. ఈ ఏడాది వెళ్లిన ప్రతి పందెంలోనూ ఆ కారు నడుమనే ఆగిపోయింది. నిన్నటిది చివరిది.

షెడ్డులో జగిత్యాల మనిషి ఒకడు, రాజేశమట, పొడవాటి పసుపుపచ్చ కర్రకు వంపు కొక్కెమున్నదాన్ని పట్టుకొని ఊరకే నిలబడి ఉన్నాడు. నీ పని ఏమిటయ్యా అని అడిగాను.

"మీ బిడ్డ ఎనుక నిలబడుడే సారూ. ఆమెను కరెంటు పట్టుకుంటె గీ కొక్కెం నడుముకేసి గుంజాలె. ఏడాదాయె, ఒక్కపారి గుంజలే."

"ఊరకే నిలబడడానికి జీతమా?"

"నేను ఊకున్ననంటె అందరు మంచిగున్నట్టు సారూ. జీతం ఎక్కువ చెయ్యమని అడుగుదామంటె గదే తిప్పలు!"

అతడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నీ ప్రశ్నకు జవాబు అక్కడే దొరికింది, మేరాజ్.

పొద్దు వాలుతుండగా, పందెం నడుమ కారు షెడ్డుకు వచ్చింది. దానిమీద పచ్చదీపం వెలిగితేనే ముట్టుకోవాలి. ఎర్రదీపం వెలిగింది, కరెంటు కారు ఒంటికి పాకి ఉండవచ్చునని దాని అర్థం. పరుగున వచ్చినవాళ్లంతా చేతులెత్తి వెనుకకు జరిగారు; యజమాని అయిన షేకు కూడా. డ్రైవరు కారుపై నిలబడి, కారునూ నేలనూ ఒకేసారి తాకకుండా, రెండు కాళ్లతో దూరంగా దూకాడు. అంతమంది చూస్తూ ఉండగా మన అఫ్షాన్ ఒక్కతే, మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకొని, ముందుకు నడిచింది. ఆమె నడుము వెనుక రాజేశం కొక్కెం. వాడు రెప్ప వేయలేదు.

నాకు నీ తమ్ముడు మౌలా సాహెబు కళ్ల ముందు నిలిచాడు. శనగచేనిలో, కరెంటు కొట్టిన తడి మోటారు పక్కన.

ఆమె ఒంగి ఏదో కొలిచింది, ఏదో విడదీసింది, ఆగింది. దీపం పచ్చబడింది. ఆమె చెయ్యెత్తగానే అందరూ చీమల్లా కారును కమ్ముకున్నారు. కారు మళ్లీ వెళ్లింది. చివరి వరుసలోనే అయినా పందెం ముగించింది. గడ్డాలు నెరిసిన ఇంజనీర్లు కన్నీళ్లు పెట్టుకున్నారు.

"ఏంది నాయనా, తుండుగుడ్డ మొగానికి కప్పుకున్నావే?" అని అఫ్షాన్ దగ్గరకు వచ్చింది.

"చలి" అన్నాను.

"జెద్దాలో చలా! బాగుంది నీ చలి." రబ్బరు తొడుగులు విప్పుతూ, "నువ్వు టిక్కెట్లు రెండు తీసినావని తెలుసులే. పదమంటే వస్తా నాయనా. అమ్మ ఏడుస్తాంటే నేనీడ ఉండలేను" అన్నది.

ఇక నేను చేసినది చెప్పాలి. కరెంటు పనైతే వెంటబెట్టుకొని రమ్మని నీవు నన్ను పంపావు. నేను మాట ఇచ్చాను. ఈ ఉదయం, ఆమె అడగకుండానే, రెండవ టిక్కెట్టును రద్దు చేయించాను. ప్రమాదం లేదని నేను రాయను, అది అబద్ధమవుతుంది. కానీ ఆనాడు మౌలా సాహెబు వెనుక ఎవ్వరూ లేరు. మన బిడ్డ వెనుక ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

నీ కోపమంతా నాకే దాచిపెట్టు. ఆమెతో మాట్లాడేటప్పుడు గొంతులో రానీయకు. ఆదివారం వస్తున్నాను. తలుపు తీసినప్పుడు నా వెనుకకు చూడవద్దు, మేరాజ్.

ఇట్లు,
అఫ్షాన్ నాయన,
అబ్దుల్ ఘనీ.